క్షయ క్రిమి: ఓపికే దాని ఆయుధం

క్షయను కలిగించే మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ పొడవు రెండు నుంచి నాలుగు మైక్రాన్లే. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ఒక్క ఏడాదే సుమారు 1.08 కోట్ల మంది దాని వల్ల జబ్బుపడ్డారు, 12.5 లక్షల మంది చనిపోయారు. కొత్త రోగుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంవాళ్లే. కలరా క్రిమిలా ఇది విషం చిమ్ముతూ విరుచుకుపడదు. మరి ఇంతమందిని ఎలా పడగొడుతోంది?

అతి నిదానం
మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకే రెండవుతుంది. క్షయ క్రిమికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అందుకే ల్యాబ్‌లో దాన్ని పెంచి చూడాలంటే వారాలు ఆగాలి. ఇలా మందకొడిగా, కొన్నిసార్లు నిద్రాణంగా ఉండే క్రిములపై మందులు త్వరగా పనిచేయవు. సాధారణ క్షయకు కూడా చాలామందికి ఆరు నెలల చికిత్స అవసరమయ్యేది ఇందుకే.

మైనపు కవచం
మైకోలిక్ ఆమ్లాలనే పొడవాటి కొవ్వు గొలుసులు దీని పైపొరను మైనంలా కప్పి ఉంచుతాయి. చాలా మందులు ఆ పొరను దాటలేవు. గళ్ల పరీక్షలో ఎర్ర రంగు పట్టాక ఆమ్లంతో కడిగినా వదలదు. సూక్ష్మదర్శినిలో ఎర్రటి పుల్లల్లా కనిపించేది అందుకే. ఐసోనియజిడ్ మాత్ర దెబ్బతీసేది ఈ కవచం తయారీనే.

మింగినవాడి కడుపులోనే మకాం
ఊపిరితిత్తుల్లోకి చొరబడిన క్రిములను మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు మింగేస్తాయి. మింగినదాన్ని జీర్ణరసాలున్న లైసోజోమ్ సంచితో కలిపి నాశనం చేయడం వాటి పద్ధతి. క్షయ క్రిమి ఆ కలయికనే అడ్డుకుంటుంది. ఈఎస్ఎక్స్-1 అనే స్రావ వ్యవస్థతో తనను బంధించిన సంచి పొరకు గండికొట్టి, ఆ కణంలోనే పెరుగుతుంది.

మన రక్షణే దానికి దారి
క్రిములున్న చోటును రక్షక కణాలు చుట్టుముట్టి కట్టడి చేస్తాయి. ఈ గడ్డనే గ్రాన్యులోమా అంటారు. సోకినవారిలో నూటికి 90 మందికి పైగా జబ్బు రాకుండా బతికేది ఈ కట్టడి వల్లే. అది సడలితే మధ్యభాగం కుళ్లి, ఊపిరితిత్తిలో గుంట పడుతుంది. అందులోని క్రిములు దగ్గుతో గాలిలోకి చేరతాయి. చాలా సూక్ష్మజీవులు రోగనిరోధక శక్తి గుర్తుపట్టకుండా తమ రూపు మార్చుకుంటాయి. క్షయ క్రిమిలో మాత్రం మన టీ-కణాలు (ఒక రకం రక్షక కణాలు) గుర్తించే భాగాలు దాదాపు మారలేదని 2010లో జన్యు పరిశీలన తేల్చింది. మన ప్రతిఘటన వల్ల జరిగే నష్టమే దాని వ్యాప్తికి తోడ్పడుతోందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

నునుపు నుంచి గరుకుకు
దీని దగ్గరి బంధువు మైకోబాక్టీరియం కానెటీ. ఎక్కువగా తూర్పు ఆఫ్రికాలోని జిబూటీ ప్రాంతంలో కనిపిస్తుంది. ల్యాబ్‌లో పెంచితే దాని కాలనీలు (క్రిముల గుంపులు) నునుపుగా ఉంటాయి, మనిషి నుంచి మనిషికి అంటుకునే దాఖలాలు లేవు. పీకేఎస్5 జన్యుభాగంలో వచ్చిన మార్పుతో క్షయ క్రిమి పైపొర గరుకై, నీటిని మరింత దూరం పెట్టేదిగా మారింది. వ్యాప్తికీ తీవ్రతకూ ఇది తోడ్పడి ఉంటుందని 2016లో ఒక పరిశోధన సూచించింది.

పశువుల నుంచి రాలేదు
మనిషికి క్షయ ఆవుల నుంచి వచ్చిందని చాలాకాలం నమ్మారు. 2002లో జన్యువులను పోల్చి చూస్తే, పశువుల క్రిమిలోనే ఎక్కువ భాగాలు ఊడిపోయి ఉన్నాయి. ఊడిన భాగాలు మళ్లీ రావు కాబట్టి మన క్రిమి దాని సంతతి కాదు.

230 సార్లు మార్చి పెంచిన టీకా
ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే శాస్త్రవేత్తలు 1908 నుంచి 13 ఏళ్లపాటు పశువుల క్షయ క్రిమిని 230 సార్లు కొత్త మాధ్యమంలోకి మార్చి పెంచారు. దాని ఉగ్రత తగ్గి బీసీజీ టీకా పుట్టింది. ఈఎస్ఎక్స్-1కు కీలకమైన ఆర్‌డీ1 భాగం ఊడిపోవడం అందుకు ముఖ్య కారణమని తర్వాత తెలిసింది. మన దేశంలో 1948లో ఈ టీకా తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి బీసీజీ కాపాడుతుంది. పెద్దలకు మాత్రం అంత నమ్మకమైన రక్షణ ఇవ్వదు.

కాబట్టి రెండు వారాలు దాటిన దగ్గును తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితమే. నాలుగు వారాల్లో ఒళ్లు కుదుటపడిందని మాత్రలు ఆపితే, మిగిలిన క్రిములు మందులకు లొంగనివిగా మారే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పేవరకూ ఒక్క పూట కూడా మానకండి.