వేడి పెంచితే వేరవుతాయా?

కెమిస్ట్రీ చదివి ల్యాబ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే మన హాస్టల్ తమ్ముళ్లను తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది. "హెచ్‌పీఎల్‌సీలో కాలమ్ వేడి పెంచితే ఏమవుతుంది?" "పీక్‌లు త్వరగా వస్తాయి సార్" అని చెప్పి ఊరుకుంటారు. అది సగం జవాబే.

కట్టెల పొగలో, డీజిల్ పొగలో ఉండే ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే తీసుకుందాం. వీటిలో బెంజో-ఎ-పైరీన్ క్యాన్సర్ కారకం. అందుకే ఏది ఎంత ఉందో విడివిడిగా తేల్చాలి. చిక్కల్లా కవలలతోనే. బెంజ్-ఎ-ఆంత్రసీన్, క్రైసీన్ రెండింటిలోనూ 18 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, నాలుగేసి వలయాలు. అణుభారం కూడా ఒకటే, 228. వలయాలు అతుక్కున్న తీరే వేరు. క్రైసీన్ కాస్త పొడుగు.

ముందు ద్రావణి సంగతి. ఇవి నీటికి దూరంగా ఉండి, కాలమ్‌లోని 18 కార్బన్ల గొలుసులను పట్టుకుంటాయి. నీటిలో ఎసిటోనైట్రైల్ 10 శాతం పెంచితే, అవి కాలమ్‌ను పట్టుకునే బలం సుమారు రెండు మూడు రెట్లు తగ్గుతుంది. రెండు వలయాల నాఫ్తలీన్ ముందే వచ్చేస్తుంది. ఐదారు వలయాలవి కదలాలంటే దాదాపు శుద్ధ ఎసిటోనైట్రైల్ కావాలి. అందుకే దాని పాలు క్రమంగా పెంచుతూ పోతారు. మిథనాల్ చవకే కానీ, నీటితో కలిస్తే ఆ మిశ్రమం రెండింటికన్నా చిక్కబడి పంపుపై ఒత్తిడి పెరుగుతుంది.

ఇక వేడి. డిగ్రీకి ఒకటి రెండు శాతం చొప్పున పట్టు సడలుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. ఇంతవరకూ లాభమే. కానీ ఆ గొలుసులను నారుమడిలా ఊహించుకోండి. చల్లగా ఉంటే నిటారుగా, ఒత్తుగా నిలబడతాయి. పొడవైన, బల్లపరుపు అణువు వాటి సందుల్లో బాగా ఇముడుతుంది, ఆలస్యంగా వస్తుంది. వేడెక్కితే గొలుసులు అటూ ఇటూ వాలి, ఆకారాల తేడా పట్టించుకోవు. కవలలు కలిసిపోతాయి. అంటే ఇలాంటి జంటలకు చల్లదనమే మేలు. సమయం ఎక్కువ పడుతుంది, అంతే.

నాకిది పుస్తకంలో అర్థం కాలేదు. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో కాలమ్ ఓవెన్ లేదు. ఒక మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగింది. ఉదయం విడిగా వచ్చిన రెండు పీక్‌లు ఒక్కటయ్యాయి. కాలమ్ పాడైందనుకుని కొత్తది బిగించాను. మళ్లీ అదే! సాయంత్రం ఏసీ వచ్చాక, పాత కాలమ్ మీదే రెండూ మళ్లీ విడివిడిగా వచ్చాయి.