నీటి సొమ్ము – నగర బొక్కసము

కుళాయి త్రిప్పు గృహస్థుడు చెల్లించు రుసుము నీటి కొరకా, లేక నగరపాలన సమస్తము కొరకా? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఈ ప్రశ్న పలుమారులు న్యాయస్థానముల కెక్కినది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము ననుసరించి ఇంటిపన్నులోనే నీటి పన్నును కలిపి చెల్లించిన ఆంధ్ర పురవాసులకు ఈ వివాదము వింతగా తోపదు.

అచ్చటి నగరములు పెక్కు నీటి సరఫరాను తామే నడుపుకొనుచు, ఆ ఆదాయమున కొంత భాగమును సాధారణ నిధికి మళ్లించుచుండెడివి. అత్త సొమ్ము అల్లుడు దానము చేసిన చందమిది. 1996 నవంబరులో ఓటర్లు 218వ ప్రతిపాదన నామోదించి రాష్ట్ర రాజ్యాంగమున నొక కట్టడిని చేర్చిరి. రుసుము సేవకగు వ్యయమును మించరాదు. ఆ సొమ్మును వేరు పనికి వాడరాదు. పోలీసులు, అగ్నిమాపక దళము, గ్రంథాలయములు వంటి సర్వసామాన్య సేవల కొరకు దానిని విధింపరాదు. మాటలు స్పష్టములే. అయినను మళ్లింపు లాగలేదు.

శాక్రమెంటో చెంతనున్న రోజ్‌విల్ నగరము నీరు, మురుగునీరు, చెత్త విభాగముల బడ్జెట్లలో నూటికి 4 వంతున తీసికొని, అది వీథులను వాడుకొన్నందుకు ప్రతిఫలమనెను. గొట్టములు వీథుల క్రింద పోవుట నిజమే. త్రవ్వి పూడ్చినపుడు బాట చెడుటయు నిజమే. కాని ఆ నష్టమింత యని లెక్క చూపినవారు లేరు. 2002లో అప్పీలు న్యాయస్థానము ఆ రుసుము చెల్లదనెను. ఫ్రెస్నో నగరము వేరొక దారి త్రొక్కినది. ఈ విభాగములు ప్రైవేటు సంస్థలైనచో ఆస్తిపన్ను చెల్లించియుండెడివి గదా యని, వాని స్థిరాస్తుల విలువపై నూటికి 1 చొప్పున రాబట్టినది. 2005లో దానికిని అదే గతి పట్టెను. వ్యయమును వినియోగదారులనుండి రాబట్టదలచినచో ముందుగా ఆ వ్యయమును బయటపెట్టవలెనని న్యాయమూర్తుల అభిప్రాయము.

నగరముల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. జలవిభాగపు జీతముల పట్టీలు వ్రాయు గుమాస్తాలను, వ్యాజ్యములు నడుపు వకీళ్లను, కచేరీ భవనమును సాధారణ నిధియే పోషించుచున్నపుడు, వాని పాలు జలవిభాగ మీయకున్నచో నీటి భారమును తక్కిన పన్నుదారులు మోసినట్లగును. కావున బదిలీ యనగానే దోపిడి యనుట మాకు సమ్మతము గాదు. గుమాస్తా యెన్ని గంటలు పనిచేసెనో, భవనమున నెన్ని గదులు వాడిరో చూచి కట్టిన మొత్తము వ్యయము. ఆదాయమున నూటికింత యని గీచిన మొత్తము, పేరేదైనను, పన్ను. దానిని గుర్తించుట సులభము. నీటి ధర పెరిగిన యేట, గుమాస్తా ఒక్క గంటయైనను అధికముగా పనిచేయకుండనే, అదియు పెరుగును. పాతబడిన గొట్టములను మార్చుటకు దాచవలసిన సొమ్ము ముందుగా తరుగునదియు ఇట్టి దారినే.

ఇట్టి పన్ను పేదయింటికి బరువు. ధనికుడు తోట తడుపుట మానుకొనగలడు. త్రాగునీరు మానుకొనగలవా డెవ్వడు? పోలీసులకు సొమ్ము చాలనిచో కాలిఫోర్నియా నగరములకు మార్గము మూసికొనిపోలేదు. ఆ మాటనే చెప్పి సాధారణ పన్నుగా ఓటర్ల ముందుంచవచ్చును. అందుకు పోలైన ఓట్లలో సగమునకు మించిన చాలును.