చిన్న కారు – ఎత్తైన దారి

1983లో విడుదలై, 2014 వరకు తయారైన మారుతి 800 ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు తొలి వాహనమైంది. దాని ఇంజను పరిమాణం 796 ఘనపు సెంటీమీటర్లు, సిలిండర్లు 3. చదునైన రోడ్డుపై చురుకుగా సాగే ఇటువంటి చిన్న కారు, నిండుగా మనుషులతో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. మధ్యలో ఇంజను ఆగితే వెనక్కి దొర్లే ప్రమాదమూ ఉంది.

చక్రాన్ని తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఈ బలాన్ని, ఇంజను తిరిగే వేగాన్ని బట్టి శక్తి ఏర్పడుతుంది. ఇంజను నెమ్మదించినప్పుడు నిమిషానికి జరిగే దహనాలు తగ్గి, శక్తి క్షీణిస్తుంది. అందుచేత ఎత్తు ఎక్కేముందే తక్కువ గేరుకు మారాలి. మొదటి, రెండవ గేర్లు టార్కును అనేక రెట్లు పెంచి చక్రాలకు అందిస్తాయి.

బలం పెరుగుతుందని కొందరు వెడల్పైన సైలెన్సర్ గొట్టం బిగిస్తారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అటువంటి గొట్టంలో వాయువుల ఉరవడి తగ్గుతుంది. ఉన్న బలమూ తగ్గవచ్చు. శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, మంచి స్పార్క్ ప్లగ్గులు, సరిచేసిన వాల్వులు, జారని క్లచ్చు, టైర్లలో తగినంత గాలి – ఇవే తరిగిన బలాన్ని తిరిగి తెస్తాయి. లేని బలానికై ఖర్చు చేయడానికి ముందు, ఉన్న బలాన్ని కాపాడుకోవడం వివేకం.