పాత బండి దాహం
అరబ్బీలో ‘ముషైరిబ్’ అంటే నీరు త్రాగే చోటు. ఎందరో ప్రవాసులు నివసించిన ఈ దోహా పేటలో పాత ల్యాండ్ క్రూజర్ కొనేవారు మొదట పరీక్షించవలసినది దాని దాహాన్నే. రేడియేటరులోని ఇథిలీన్ గ్లైకాల్ ఏళ్ల తరబడి వేడికీ, గాలిలోని ఆక్సిజన్‌కూ లోనై కొంత కొంతగా గ్లైకాలిక్, ఫార్మిక్ ఆమ్లాలుగా మారుతుంది. తుప్పును నిరోధించే రసాయనాలు అడుగంటిన తరువాత ఆ ఆమ్లాలు లోహాన్ని తినివేస్తాయి. ద్రవం రంగు చూసి మోసపోరాదు. ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి, పి.హెచ్. కాగితం ముంచి చూడాలి. విలువ 7 కంటె తగ్గితే ద్రవాన్ని మార్చించాలి. ఇంజను ఆయిల్ పాలవలె తెల్లబడితే ఆ బేరం మానుకోవడమే మేలు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలో, ఖోర్ అల్ ఉదైద్ ఇసుక తిన్నెల నడుమ బండి ఆగిపోతే, వెనుక సీటులో ఉండేది మన పిల్లలే. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి అయినా ఈ పరీక్షలో నెగ్గితే ఆశ వదులుకోనక్కరలేదు.