కార్మికుడు దేశాధ్యక్షుడయ్యాడు

ఐరోపా ఖండంలో పోలండ్ అనే దేశం ఉంది. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా అక్కడ కమ్యూనిస్టు పార్టీయే పాలించింది. పక్కనున్న పెద్ద దేశం సోవియట్ యూనియన్ దానికి అండగా ఉండేది.

పెద్ద ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వానివే. రేడియో, టీవీ, పత్రికలు ప్రభుత్వం చెప్పినట్టే నడిచేవి. అందరికీ పని ఉండేది. పిల్లలకు బడి ఉండేది. కానీ దుకాణాల్లో సరుకులు సరిగా దొరికేవి కావు. మాంసం కోసం గంటల తరబడి వరసలో నిలబడాలి.

"ఇది కార్మికుల రాజ్యం" అని పాలకులు చెప్పేవారు. మరి కార్మికులు సొంతంగా సంఘం పెట్టుకుంటామంటే? ఒప్పుకునేవారు కాదు. పార్టీ నడిపే సంఘాలే ఉండాలి. ఈ పద్ధతిని మార్చిన వారిలో ముఖ్యుడు లెక్ వాలెసా. ఆయన కరెంటు పనివాడు.

చిన్నతనం

వాలెసా 1943లో పొపోవో అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి వడ్రంగి. యుద్ధకాలంలో జర్మన్ సైన్యం ఆయన్ని పట్టుకుపోయి వెట్టిచాకిరి చేయించింది. బయటికొచ్చాక ఎన్నాళ్లో బతకలేదు. 1945లోనే చనిపోయాడు. తల్లి కష్టపడి పిల్లల్ని పెంచింది.

వాలెసా పెద్ద చదువులు చదవలేదు. కరెంటు పని నేర్చుకున్నాడు. 1967లో సముద్రం ఒడ్డున ఉన్న గ్డాన్స్క్ పట్నం చేరాడు. అక్కడ ఓడలు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. దాన్ని షిప్‌యార్డు అంటారు. అందులో పనికి కుదిరాడు.

వీధిలో రక్తం

1970 డిసెంబరులో ప్రభుత్వం తిండి సరుకుల ధరలు పెంచేసింది. క్రిస్మస్ పండగ ముందు ఈ దెబ్బ పడింది. కార్మికులు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్పులు జరిపింది. సముద్రతీరపు పట్నాల్లో నలభైమందికి పైగా చనిపోయారు.

వాలెసా ఆ సమ్మెలో ఉన్నాడు. ఆ చావులు ఆయన మనసులో ఉండిపోయాయి. తర్వాత కూడా కార్మికుల తరఫున మాట్లాడుతూనే ఉన్నాడు. 1976లో ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఇంట్లో భార్య దనూత, చిన్న పిల్లలు. అయినా వెనక్కి తగ్గలేదు.

గేటు లోపల సమ్మె

1980లో మాంసం ధర మళ్లీ పెరిగింది. అదే షిప్‌యార్డులో అన్నా వాలెంటినోవిచ్ అనే ఆమె క్రేన్ నడిపేది. ఆమె కార్మికుల పక్షాన మాట్లాడే మనిషి. రిటైరు కావడానికి ఐదు నెలలుందనగా ఆమెను పనిలోంచి తీసేశారు.

ఆగస్టు 14న కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. ఆమెను తిరిగి పనిలోకి తీసుకోవాలన్నారు. వాలెసా గోడ దూకి లోపలికి వచ్చాడని చెబుతారు. సమ్మెకు నాయకుడయ్యాడు.

ఈసారి కార్మికులు వీధిలోకి వెళ్లలేదు. ఫ్యాక్టరీ లోపలే కూర్చున్నారు. లోపలికి సారా రానివ్వలేదు. తాగి ఎవరైనా గొడవ చేస్తే, అదే సాకుగా పోలీసులు వస్తారు.

రెండు రోజులకు మేనేజరు దిగివచ్చాడు. జీతం పెంచుతానన్నాడు. చాలామంది ఇళ్లకు బయల్దేరారు. కానీ చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీల వాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు. పెద్దవాళ్లు వెళ్లిపోతే వాళ్ల గతేమిటి? అన్నా, మరికొందరు ఆడవాళ్లు గేట్ల దగ్గర నిలబడి వెళ్లేవాళ్లను ఆపారు. వాలెసా కూడా సమ్మె ఆగదని చెప్పాడు. అలా ఒక ఫ్యాక్టరీ సమ్మె అందరి సమ్మె అయింది.

కోరికలు మొత్తం 21. వాటిని చెక్కబల్లల మీద పెద్ద అక్షరాలతో రాసి గేటుకు తగిలించారు. పత్రికలు చెప్పని సంగతి జనం అక్కడ చదువుకున్నారు. మొదటి కోరిక సొంత సంఘం. మిగతా వాటిలో సమ్మె హక్కు, తల్లులకు జీతంతో సెలవు, పిల్లలకు బాలవాడీలు ఉన్నాయి.

ఆగస్టు 31న ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం చేసింది. కొత్త సంఘం పుట్టింది. దాని పేరు సాలిడారిటీ. అంటే ఒకరికొకరు తోడుగా నిలవడం. ఏడాదిలో అందులో దాదాపు కోటిమంది చేరారు.

చీకటి రోజులు

పాలకులు భయపడ్డారు. 1981 డిసెంబరు 13న సైనిక పాలన పెట్టారు. రోడ్ల మీదికి ట్యాంకులు వచ్చాయి. వేలమందిని పట్టుకుని నిర్బంధించారు. వాలెసాను పదకొండు నెలలు నిర్బంధంలో ఉంచారు. సంఘాన్ని నిషేధించారు.

1983లో వాలెసాకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. దాన్ని తీసుకోవడానికి ఆయన వెళ్లలేదు. వెళితే మళ్లీ దేశంలోకి రానివ్వరేమోనని భయం. భార్య దనూత వెళ్లి తీసుకొచ్చింది.

ఓటు తీర్పు

1988లో మళ్లీ సమ్మెలు వచ్చాయి. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. జనం నమ్మకం కూడా లేదు. అంతకు ముందు హంగరీలో, చెకొస్లొవేకియాలో జనం కదిలితే సోవియట్ ట్యాంకులు వచ్చి అణచేశాయి. ఇప్పుడు సోవియట్ నాయకుడు గోర్బచేవ్ ఆ దారి వదిలేశాడు.

1989 ఫిబ్రవరిలో ప్రభుత్వం, సాలిడారిటీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాయి. ఎన్నికలు పెట్టాలని ఒప్పుకున్నాయి. దిగువ సభలో 460 సీట్లలో 161కే స్వేచ్ఛగా పోటీ. ఆ 161 సాలిడారిటీయే గెలిచింది. ఎగువ సభలో 100 సీట్లకు 99 గెలిచింది. ఆ ఏడాదే చుట్టుపక్కల దేశాల్లో కూడా కమ్యూనిస్టు ప్రభుత్వాలు ఒకటొకటిగా కూలాయి.

1990 డిసెంబరులో వాలెసా పోలండ్ అధ్యక్షుడయ్యాడు.

గెలిచాక ఏమైంది?

కథ ఇక్కడితో అయిపోలేదు. 1990 నుంచి ప్రభుత్వం మార్కెట్ పద్ధతి తెచ్చింది. దుకాణాలు సరుకులతో నిండాయి. కానీ ధరలు మండిపోయాయి. చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. లక్షలమందికి పని పోయింది. వాలెసా పనిచేసిన షిప్‌యార్డు కూడా 1996లో దివాలా తీసింది.

వాలెసా పాత స్నేహితులతో గొడవపడ్డాడు. ఒకప్పుడు రహస్య పోలీసులకు సమాచారం ఇచ్చాడన్న ఆరోపణ కూడా వచ్చింది. అది అబద్ధమని ఆయన అంటాడు. 1995 ఎన్నికల్లో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచింది పాత కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన నాయకుడు.

ఓడిన వాలెసా గద్దె దిగి ఇంటికి వెళ్లాడు. ట్యాంకులు రాలేదు. తుపాకులు పేలలేదు. నాయకుణ్ణి ఓటుతో ఎక్కించి, ఓటుతోనే దింపే హక్కు జనానికి వచ్చింది. ఆ హక్కు కోసమే కదా వాళ్లు గేటు లోపల కూర్చున్నది!

మాట్లాడుకోండి

1970లో వీధిలోకి వెళ్లిన కార్మికులు 1980లో గేటు లోపలే ఎందుకు కూర్చున్నారు?
ఆడవాళ్లు గేటు దగ్గర ఆపకపోతే ఏమయ్యేది?
కోరికలను రాసి గేటుకు ఎందుకు తగిలించారు?