మిగతా ఆరు రోజుల మాట

పొద్దున కొట్లు తెరిచే వేళకు బెంగళూరు కాటన్‌పేట మెయిన్ రోడ్డులో ఆటో కదలడం కష్టం. ఒకవైపు మెజెస్టిక్, ఇంకోవైపు చిక్‌పేట, దగ్గర్లోనే ఒకప్పటి బిన్నీ మిల్లు. 1884లో మొదలైన ఆ మిల్లు ఎప్పుడో మూతపడింది. పేటలో పని మాత్రం ఆగలేదు. హోల్‌సేల్ కొట్లు, గోడౌన్లు, లాడ్జీలు, మూటలు మోసే మనుషులు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్ల తెలుగు ఈ వీధుల్లో రోజూ వినబడుతుంది. వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. బతికినంత కాలం దేవుణ్ణి మహిమపరచాలని ఆదివారం సంఘంలో వింటారు. సోమవారం షట్టరు ఎత్తాక ఆ మాటను ఎలా ఆచరించాలో ఎవరూ విడమరిచి చెప్పరు.

చెప్పకపోతే ఏమవుతుందంటే, మహిమపరచడం అంటే పాట, ప్రసంగం, ఉపవాసం, రాత్రి ప్రార్థన అని మనసులో స్థిరపడిపోతుంది. రోజుకు పన్నెండు గంటలు కౌంటరు వెనక నిలబడేవాడు తాను రెండో రకం విశ్వాసినని కుమిలిపోతాడు. ఇది వాక్యం చెప్పని మాట. విశ్వాసుల మీద అనవసరంగా మోపిన బరువు.

ఏం చేసినా దేవుని మహిమ కోసమే చేయమని పౌలు రాసింది కొరింథీయుల మొదటి పత్రిక పదో అధ్యాయంలో. అక్కడ నడుస్తున్న చర్చ ఏమిటో చూడండి: బజారులో అమ్మే మాంసం కొనవచ్చా, భోజనానికి పిలిస్తే వెళ్లి తినవచ్చా అని. అంటే ఈ బోధ సంత బేరం నుంచీ విందు పంక్తి నుంచీ పుట్టింది. రాసినవాడు కూడా డేరాలు కుట్టి పొట్ట పోసుకున్నవాడే. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఆ పనే చేశాడని అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది.

ఇక చేతల్లోకి వద్దాం. బట్టల కొట్లో తాను విప్పి మీటరు కర్ర మీద పరుస్తారు. గుడ్డను కాస్త లాగిపట్టి కొలిస్తే మీటరుకు వేలెడు మిగులుతుంది. కొన్నవాడికి ఆ సంగతి ఇంటికెళ్లాక, దర్జీ చెబితే గానీ తెలియదు. యజమానీ అడగడు, ఎందుకంటే లాభం ఆయనదే. ఎవరూ చూడని ఆ వేలెడు గుడ్డ దగ్గర ఒక విశ్వాసి చెయ్యి వదులుగా ఉంటే, అది ఆరాధన. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెప్పింది ఇలాంటి చోట్ల కోసమే. సరుకు లెక్క రాసేవాడికి, లాడ్జీలో దుప్పట్లు మార్చే అమ్మకు, ఇంట్లో ముసలి అత్తగారికి మందులు వేళకు ఇచ్చే కోడలికి కూడా ఇదే కొలత.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇదంతా రక్షణ సంపాదించుకోవడానికి కాదు. ఎఫెసీయుల రెండో అధ్యాయంలో వరుస చూడండి: ముందు కృప, తర్వాత మంచి పనులు. అంగీకారం దొరికినవాడు కృతజ్ఞతతో చేసే పనికీ, అంగీకారం కోసం భయంతో చేసే పనికీ చాలా తేడా ఉంది. రెండోది మనిషిని అలసటతో చంపుతుంది.

రోజువారీ పనిలో దేవుణ్ణి మహిమపరచడానికి మన తెలుగు నేల మీద నేను తరచూ తలచుకునే ఉదాహరణ ఒంగోలు. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలై పని చూశారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు నెలల తరబడి పట్టిన ఓపికే పెద్దదిగా కనిపిస్తుంది. లెక్కలు పెంచుకునే అవకాశం చేతిలో ఉండి కూడా ఆగడం మామూలు నిజాయితీ కాదు.

ఆ సంఘంలో చేరినవాళ్లు ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చేయబోమని అన్నందుకు ఊళ్లలో వేధింపులు పడ్డారు. ఏడు రోజులూ పిలిస్తే పరుగెత్తాల్సిన వెట్టి బతుకులో ఒక రోజు మాది కాదు, దేవునిది అని నిలబడటానికి ఎంత గుండె కావాలి! కాబట్టి పనిలో శ్రద్ధ అంటే ఆపకుండా చాకిరీ చేయడం అనుకోకండి. నిర్గమకాండంలో ఆరు రోజుల పనీ, ఏడో రోజు విశ్రాంతీ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి. ఆ విశ్రాంతి దాసుడికీ, దాసికీ, పశువుకూ ఉందని కూడా అక్కడే రాసి ఉంది.

పనివాళ్లకు చెప్పడం తేలిక కాబట్టి మనం అక్కడే ఆగిపోతుంటాం. ప్రభువు కోసమన్నట్టు మనసుపెట్టి పని చేయమని కొలొస్సయులకు రాసిన పౌలు, వెంటనే యజమానుల వైపు తిరిగి న్యాయంగా ఇవ్వమన్నాడు. ఆపేసిన కూలి దేవుని చెవికి మొరపెడుతుందని యాకోబు ఐదో అధ్యాయంలో హెచ్చరించాడు. కొట్టు నడిపే విశ్వాసులారా, మీ దగ్గర పనిచేసే కుర్రాడి జీతం ఈ నెల చెప్పిన తేదీకే ఇవ్వండి, ఆదివారం అతనికి సెలవివ్వండి. సంఘ పెద్దలారా, వచ్చే ఆదివారం ప్రార్థనలో ప్రసంగీకుల పేర్లతో పాటు మూట మోసేవాళ్లనూ, దర్జీలనూ, లాడ్జీ పనివాళ్లనూ వాళ్ల పని పేరు చెప్పి తలుచుకోండి.