ఎంకెనోడ్ సిస్టం కాల్

ఎంకెనోడ్ అనేది యునిక్స్‌లోను, ఆ బాటలో వచ్చిన లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టములలోను ప్రత్యేక ఫైళ్ళను సృష్టించే సిస్టం కాల్. ఒక ప్రోగ్రాము తాను స్వయంగా చేయలేని పనిని చేసిపెట్టమని కెర్నెల్‌ను కోరే పద్ధతిని సిస్టం కాల్ అంటారు. "మేక్ నోడ్" అన్న మాటలను కుదించగా ఈ పేరు వచ్చినది. ఇదే పేరుతో ఒక ఆజ్ఞ కూడా ఉన్నది. అది లోపల పిలిచేది ఈ సిస్టం కాల్‌నే. (కంప్యూటరుకు ఈ పేర్లను రోమను లిపిలోనే ఇవ్వాలి. ఇక్కడ ఉచ్చారణను బట్టి తెలుగులో వ్రాయడమైనది.)

ప్రత్యేక ఫైలు అంటే ఏమిటి

సాధారణ ఫైలులో సమాచారం ఉంటుంది. పరికరానికి సంబంధించిన ప్రత్యేక ఫైలులో అటువంటిదేమీ ఉండదు. అది డిస్కు, టెర్మినల్ వంటి పరికరానికి ఫైళ్ళ వ్యవస్థలో పెట్టిన పేరు మాత్రమే. ఆచారం ప్రకారం వీటిని "డెవ్" అనే డైరెక్టరీలో ఉంచుతారు. కీబోర్డు వలె సమాచారాన్ని ధారగా అందించే వాటికి అక్షర ఫైలు, డిస్కు వలె ఖండాలుగా అందించే వాటికి ఖండ ఫైలు వాడతారు.

ఫైలులో సమాచారం లేకపోతే కెర్నెల్ సరియైన పరికరాన్ని ఎలా కనుగొంటుంది? ప్రతి పరికర ఫైలుకు రెండు సంఖ్యలుంటాయి. ప్రధాన సంఖ్య ఏ డ్రైవరును పిలవాలో చెబుతుంది. ఉప సంఖ్య ఆ డ్రైవరు చూసుకునే పరికరాలలో ఏదో చెబుతుంది. గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది: మొదటిది ఏ కాలువో, రెండవది ఆ కాలువ మీద ఎన్నో తూమో తెలుపుతుందనుకోవచ్చు. తూము వద్ద సంఖ్య వేసిన పలక పాతినంత మాత్రాన నీరు రాదు. తలుపు ఎత్తే లస్కరు ఉండాలి. ఎంకెనోడ్ చేసేది పలక పాతడమే, లస్కరు పని డ్రైవరుది. డ్రైవరు లేని సంఖ్యలు ఇచ్చినా ఫైలు నిక్షేపంగా తయారవుతుంది. దానిని తెరవబోయినప్పుడే దోషం బయటపడుతుంది.

లినక్స్‌లో వ్రాసినదంతా మింగివేసే "నల్" అనే అక్షర ఫైలుకు 1, 3 సంఖ్యలు. మొదటి ఎస్‌డీ డిస్కుకు 8, 0. ఫైళ్ళ జాబితాను వివరంగా చూస్తే పరిమాణం ఉండవలసిన చోట ఈ రెండు సంఖ్యలే కనబడతాయి.

వాడుక

ఈ కాల్‌కు మూడు విషయాలు అందించాలి: ఫైలు పేరు, ఫైలు రకంతో కలిపిన అనుమతులు, పరికర సంఖ్య. పని నెరవేరితే 0, లేకపోతే -1 తిరిగివస్తుంది. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే పని జరగదు.

నిర్వాహకుడు పొరపాటున నల్ ఫైలును తొలగించాడనుకుందాం. ఆ తరువాత ఏ ప్రోగ్రామైనా నిర్వాహకుని అధికారంతో దానిలోకి వ్రాస్తే అదే పేరుతో ఒక మామూలు ఫైలు పుట్టి, పారవేయవలసిన చెత్తనంతా దాచుకుంటూ పెరుగుతుంది. అప్పుడు దానిని తీసివేసి, అక్షర రకం, 1, 3 సంఖ్యలు, అందరికీ చదివే, వ్రాసే అనుమతి (666) ఇచ్చి ఎంకెనోడ్ ఆజ్ఞతో మళ్ళీ సృష్టించాలి. పోయినది పేరే గనుక పరికరానికి వచ్చిన నష్టమేమీ లేదు.

పరికరంతో పనిలేని "ఫీఫో" అనే మరొక రకం ఉన్నది. పరస్పర సంబంధం లేని రెండు ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకొనడానికి ఇది పేరున్న గొట్టం వలె పనిచేస్తుంది. మామూలుగా ఒక కొసను తెరచిన ప్రోగ్రాము రెండవ కొస తెరచుకొనే వరకు వేచి ఉంటుంది. దీనికోసం ఎంకెఫీఫో అనే ప్రత్యేక ఫంక్షను ఉన్నది కాబట్టి దానిని వాడడమే మేలు.

భద్రత

అనుమతులు పరికరానికి కాక పేరుకు అంటిపెట్టుకొని ఉంటాయి. ఒకే పరికరానికి వేరువేరు అనుమతులతో ఎన్ని పేర్లైనా పెట్టవచ్చును. ఎవరైనా తన సొంత డైరెక్టరీలో 8, 0 సంఖ్యలతో ఖండ ఫైలు చేసుకోగలిగితే, డిస్కు మొత్తాన్ని నేరుగా చదివివేయవచ్చు. ఇతరుల ఫైళ్ళపై ఉన్న తాళాలన్నీ వృథా. అందువలన లినక్స్‌లో పరికర ఫైళ్ళను సృష్టించడానికి ప్రత్యేకాధికారం కావాలి. ఫీఫోలకు అక్కరలేదు. బయట తయారైన పెన్‌డ్రైవులో ఇటువంటి ఫైలు దాగి రావచ్చు కనుక, వాటిని "నోడెవ్" అనే ఎంపికతో జతచేస్తారు. అప్పుడు అందులోని పరికర ఫైళ్ళను కెర్నెల్ పట్టించుకోదు.

చరిత్ర

పరికరాలను ఫైళ్ళుగా చూడాలన్న ఊహ బెల్ ప్రయోగశాలలో పుట్టిన యునిక్స్‌ది. 1971 నాటి మొదటి కూర్పులో 41 కంటె తక్కువ ఐనోడ్ సంఖ్యలను పరికరాలకు కేటాయించారు. డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో ఈ పద్ధతి వలన ఫైలుకు, పరికరానికి ఒకే విధమైన పేర్లు, ఒకే రక్షణ ఏర్పాటు సరిపోతాయని వివరించారు.

లినక్స్‌లో చాలాకాలం ఒక్కొక్క సంఖ్యకు 8 బిట్లే ఉండేవి. 2003లో వచ్చిన 2.6 కెర్నెల్ ప్రధాన సంఖ్యకు 12, ఉప సంఖ్యకు 20 బిట్లు ఇచ్చింది. అంతకు పూర్వం, ఉన్నా లేకున్నా, రాగల పరికరాలన్నిటికీ డెవ్ డైరెక్టరీలో ముందుగానే పేర్లు పెట్టి ఉంచేవారు. పరికరం తగిలించినప్పుడు పేరు పెట్టే "యూడెవ్" 2003లో వచ్చింది. 2009లో 2.6.32 కెర్నెల్‌తో వచ్చిన "డెవ్‌టీఎంపీఎఫ్ఎస్" మూలంగా ఈ ఫైళ్ళను ఇప్పుడు కెర్నెలే సృష్టిస్తున్నది. ఫ్రీబీఎస్‌డీలోనైతే మామూలు డైరెక్టరీలో ఎంకెనోడ్‌తో చేసిన పరికర ఫైలు ద్వారా పరికరాన్ని అందుకోవడం కుదరదు.